బేలీఫ్ గృహము – పునర్నిర్మాణమునఁ బాఠవిచారము

ఇంగ్లండుదేశపు దక్షిణభాగమున, పశ్చిమ ససెక్సు మండలమందు, సింగిల్టన్ అను చిన్నగ్రామము నానుకొని పచ్చని గుట్టల నడుమ నొక వింత ప్రదర్శనశాల కలదు. దానికిఁ బైకప్పు లేదు, ప్రాకారము లేదు. అందుఁ బ్రదర్శింపఁబడు వస్తువులు ఇండ్లే. ఇరుగుపొరుగు మండలములలో శిథిలములై నేలఁ గూలనున్న పాతయిండ్లను విప్పి తెచ్చి, యీ లోయలో మరల నిలిపినారు. వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ ప్రదర్శనశాల యని దీనికిఁ బేరు. రాయ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను చరిత్రవిద్వాంసుని పూనికచే 1967లో నారంభమైన యత్నము 1970 ప్రాంతమున సఫలమై, జనులు చూడవచ్చుట కనువైనది.

ఇందలి యిండ్లలోఁ బేరుగాంచినది బేలీఫ్ అను రైతుయిల్లు. ఇది కెంటు మండలమున చిడింగ్‌స్టోన్ గ్రామపరిసరములయం దుండెడిది. 1960 తరువాత బో బీచ్ అనుచోట నొక జలాశయమును నిర్మింపఁ బూనఁగా, ఆ పల్లపుభూమిలోని పాతయిండ్లు నీటిపాలగు స్థితి యేర్పడెను. అప్పుడు బేలీఫ్ గృహమును మ్రానుమ్రానుగ విప్పి తరలించి, 1972 నాఁటికి సింగిల్టన్‌లో నిలిపిరి. నేఁడు దాని చుట్టును దోఁటయు, దడియుఁ, గౌఫోల్డ్ అను మఱియొక యూరినుండి తెచ్చిన ధాన్యశాలయు నమర్పఁబడి, చూచువారికి నొక పాతకాలపు కాఁపువాని కమతము పూర్ణముగఁ గానవచ్చుచున్నది.

ఇట్టి యింటిని జూచిన పండితునకు వెంటనే తోఁచు ప్రశ్న యొకటి కలదు. ఊరు వేఱు, నేల వేఱు, విఱిగిన మ్రాఁకులకు మాఱుగఁ గ్రొత్తమ్రాఁకులు చేరినవి. ఇఁక నిది ఆ యిల్లే యని యెట్లు చెప్పవచ్చును? ఈ ప్రశ్న గృహశిల్పులకంటె గ్రంథపరిష్కర్తలకే యెక్కువ పరిచితము. తాటాకుప్రతులు చేతఁబట్టి, పురుగు తినిన యక్షరములను బూరించుచు, లేఖకుఁడు చేర్చిన పద్యములను వేఱుపఱచుచు, మూలమిది యని నిర్ణయించువారి పనియు, ఈ యింటిని నిలిపినవారి పనియు నొక్కజాతివి. కావున బేలీఫ్ గృహమును ఒక పరిష్కృతగ్రంథముగఁ జదివి, పరిష్కర్తలు చేసినది యెంతవఱకు సాధువో విచారించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

ఈ పద్ధతిని లోకమునకుఁ బ్రసిద్ధముగఁ జూపినవాఁడు ఒక భాషాపండితుఁ డగుట యాదృచ్ఛికము కాదేమో. స్వీడనుదేశపు ఆర్టూర్ హాజేలియస్ (1833–1901) ఉప్సాలా విశ్వవిద్యాలయమున ఉత్తరదేశభాషలను బఠించినవాఁడు. 1869లో స్టాక్‌హోముపట్టణమున స్కాండినేవియాభాషల వర్ణక్రమమును సంస్కరించుటకై జరిగిన సమావేశమందు స్వీడనుపక్షమునఁ గార్యదర్శిగ నుండెను. 1872లో డాలార్నా మండలమున సంచరించుచు, పాతకట్టును, పాతయిల్లును, పాతపనిముట్టును జనులు విడిచిపెట్టుచుండుట చూచి సేకరణము నారంభించెను. మొదటఁ జిన్నవస్తువులు, పిమ్మట నిండ్లు. 1885లో మోరా ప్రాంతపు టిల్లొకటి కొనెను. 1891 అక్టోబరు 11న స్టాక్‌హోములో స్కాన్సెన్ అను ఆరుబయలి ప్రదర్శనశాలను దెఱచెను. 1896లో హాలాండు ప్రాంతపు ఓక్టోర్ప్ కమతమును సమగ్రముగఁ దరలింపఁ బూనెను. అంతకుముందే నార్వేదేశమున రాజైన రెండవ ఆస్కారు క్రిస్టియానియా సమీపమునఁ గొన్ని పాతకట్టడములను జేర్చియుండెనుగాని, ఆ పనికి శాస్త్రత్వమును బ్రఖ్యాతిని గూర్చినవాఁడు హాజేలియసే. వర్ణక్రమమును మార్పవలయు నని వాదించినవాఁడే పాతయిండ్లు మాఱకుండవలయు నని జీవితము ధారపోయుట విరుద్ధముగఁ దోఁపవచ్చును. గ్రాంథిక వ్యావహారిక వాదములను జూచిన యాంధ్రపండితులకు ఇందలి మర్మము సుబోధము: మార్పు కోరువానికే పాతదానిని లిఖించియుంచుట యవసరమని తెలియును.

ఇఁక నింటిలోనికిఁ బోవుదము. దూరమునుండి చూచినప్పుడు బేలీఫ్ ఒక్క పెద్ద పెంకుటికప్పు క్రింద నిమిడిన మూఁడుభాగముల యిల్లు. నడిమిభాగము నేలనుండి కప్పువఱకు నేకాంతస్తుగ నుండును. ఇరుకొనలయందు మేడగదులు కలవు. అవి ముందునకుఁ గొంత చొచ్చుకొనివచ్చి, నడిమిభాగము లోనికి నొదిగినట్లు గనుపడును. ఈ తీరు కెంటు, ససెక్సు మండలములయందు విరివిగఁ గలదు. గోడల యస్థిపంజరమంతయు ఓకుమ్రాను. మ్రాఁకుల నడుమ నున్న ఖాళీలను దడిక యల్లి, మట్టియు గడ్డియుఁ గలిపి మెత్తినారు. మనదేశమునఁ దడికలకు మట్టి మెత్తి గోడ కట్టు కాఁపులకు ఈ పని వింతగఁ దోఁపదు.

ద్వారము దాఁటినంతనే యింటి నడ్డముగఁ గోసిన నడవ; దాని కాకొన నెదురుద్వారము. నడవకు నొకప్రక్క రెండు చిన్నగదులు. వానిలో నొకటి ప్యాంట్రీ, రెండవది బట్టరీ. మొదటిది ఫ్రెంచిభాషలో రొట్టె యను నర్థముగల శబ్దమునుండి పుట్టినది. రెండవదానిని విని వెన్న యుంచు గది యని యింగ్లీషువారే భ్రమింతురు. అది పీపా యను నర్థముగల లాటిను శబ్దమునుండి వచ్చినది, పానీయముల గది యన్నమాట. ధ్వనిసామ్యముచే వ్యుత్పత్తి కల్పించుట యన్నిదేశములయందును గలదు.

నడవకు రెండవప్రక్కనున్నదే నడిమిశాల. ఇంగ్లీషున దీనిని హాల్ అందురు. ఈ శబ్దమునకును సంస్కృతమందలి శాలాశబ్దమునకును గప్పుట యను నర్థముగల యొక్కధాతువే మూలమని తులనాత్మకభాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ శాల నట్టనడుమ నేలపై నిప్పుమఱ. పొగగొట్టము లేదు. పొగ పైకి లేచి, దూలముల నడుమఁ దిరుగాడి, కప్పు సందులనుండి తనదారిఁ దాను బోవును. కొన్నిదినములలోఁ బ్రదర్శనశాలవారు నిజముగ నగ్ని వెలిగింతురు. అప్పుడు నిలుచున్నవాని కన్నులు మండును; పీఁటపైఁ గూర్చున్నవానికి సుఖముగ నుండును. ఆనాఁటివారు పొట్టిబల్లలపై నేల కూర్చుండిరో పుస్తకము చదువకయే తెలియును. శాలకుఁ బైకొన నడ్డముగ నొక పొడవైన బల్ల. గోడ నానుకొని గృహస్థుని యాసనము. పనివారును వచ్చిపోవువారును నడవ దిక్కుననే యుందురు. ఎత్తుపల్లములు లేని నేలపైఁ గూడ నెక్కువతక్కువలు తప్పలేదు.

శాల కిరువైపుల నెత్తైన కిటికీలు కలవు. వానికి గాజు లేదు. నిలువు ఓకుకమ్ములు, లోపల మూయుటకుఁ జెక్కతలుపులు మాత్రమే. ఇంగ్లీషున కిటికీని విండో యందురు. ఇది ప్రాచీన నార్సుభాషలో గాలికన్ను అను నర్థముగల సమాసము. గాజు లేని యీ కిటికీని జూచినఁగాని యా పేరు సార్థకము గాదు. సంస్కృతమున వాతాయనమన గాలికి దారి. గవాక్షమన నావుకన్ను వంటిది. ఆ రెండింటిని గలిపినట్లున్నది నార్సుశబ్దము. గోశబ్దముపై నచ్చు పరమగునప్పుడు స్ఫోటాయనుని మతమున అవఙాదేశము వచ్చునని పాణిని చెప్పెను. అది వైకల్పికమే యైనను, గవాగ్రము గోఽగ్రము అనునట్లు రెండురూపములు గవాక్షమునకుఁ గలుగవు. కిటికీ యను నర్థమున నది నిత్యమని వ్యాఖ్యాతలు వ్యవస్థ చేసిరి. లోకములో నిలిచినరూప మొక్కటే యగునప్పుడు వికల్పము నిలువఁజాలదు. ఈ న్యాయము ముందు మరలఁ బనికివచ్చును.

మ్రాను గూర్చియు నొకమాట. ఇంటిమ్రానును ఇంగ్లీషున టింబర్ అందురు. దీనికి మూలమైన ధాతువునకుఁ గట్టుట యర్థము; లాటినున గృహవాచియైన డోముస్, వేదమందు గృహవాచియైన దమశబ్దము, దీనికి జ్ఞాతులు. దంపతిశబ్దమున జాయాశబ్దమునకు దంభావము నిపాతమని మనవారు రాజదంతాదిగణమునఁ జెప్పుకొందురు. ఋగ్వేదమున దంపతిశబ్దము ఏకవచనమున గృహస్వామి యను నర్థమునను గానవచ్చుటచే, దమ్ అనఁగా గృహమే యని తులనాత్మకులు చెప్పినది గ్రాహ్యముగ నున్నది. ఓకుదూలము క్రింద నిలిచిన ప్రేక్షకునకు దంపతిశబ్దము స్ఫురించుట యసంగతము గాదు.

ఇంతవఱకు వర్ణనము. ఇఁకఁ గాలనిర్ణయము. గ్రంథమునకు గద్య యున్నట్లు ఈ యింటికి శాసనము లేదు. కాని మ్రానే శాసనము. చెట్టు ఏఁటేఁట నొక వలయమును బెంచును. వానకారు మంచిదైన వలయము వెడల్పు, కఱవైన నిఱుకు. ఆ వెడల్పుల వరుసను, కాలము తెలిసిన మ్రాఁకుల వరుసతోఁ బోల్చిన, చెట్టు నఱకఁబడిన కాలము దొరకును. ఓకును బచ్చిగ నున్నపుడే చెక్కి వాడుట ఆనాఁటి వడ్రంగుల యాచారము. ఎండినతరువాత నది యినుమువలె గట్టిపడును. కావున నఱకిన కాలమునకును గట్టిన కాలమునకును ఎడము స్వల్పము. ఈ పరీక్షచే నడిమిశాలయు, దిగువకొనయు 1405–1430 నడుమఁ గట్టఁబడినవనియు, ఎగువకొన 1505–1510 నడుమఁ జేర్పఁబడినదనియుఁ దేలినది. మొదటికాలము మనకు శ్రీనాథుఁడు కొండవీటి పెదకోమటి వేమారెడ్డి (1402–1420) యాస్థానమున విద్యాధికారిగ నుండిన కాలమును దాఁకుచున్నది. అనఁగా నిల్లు ఏకకర్తృకము గాదు. నూఱేండ్ల యెడముతో నిద్దఱు కర్తలు.

కథ అంతటితో ముగియలేదు. పదునేడవ శతాబ్దమున నివాసులు పొగతో విసిగి, ఇటుకపొగగొట్టమును గట్టి, శాల నడుమ నొక యంతస్తు వేసిరి. కప్పు కనఁబడని యింటిగ నది మాఱెను. 1968 ప్రాంతమున విప్పునాఁటి కిల్లు ఆ రూపముననే యుండెను. శాల తొలుత తెఱపిగ నుండె నని యెట్లు తెలిసెను? పైయంతస్తులో దాఁగిన వాసములు మసిచే నల్లఁబడియుండెను. పొగగొట్టము పుట్టినతరువాత అంత మసి పట్టుట కవకాశము లేదు. మఱియు, మ్రాఁకులయందు నేమియు నిమడని ఖాళీబెజ్జములు గనఁబడెను. ఒక మ్రాని కొనయందలి కుసి వేఱొక మ్రాని బెజ్జమునఁ దూఱి, కొయ్యమేఁకుచే బిగియుట యీ కట్టడపు రీతి. ఖాళీబెజ్జ మున్నచోట నొకప్పుడు మ్రా నుండితీఱవలయును. తాటాకుప్రతిలో లేఖకుఁడు విడిచిన ఖాళీ, గ్రంథపాతమును దెలుపునట్లు, ఈ బెజ్జము గోడల యొకప్పటి స్థానమును గిటికీకమ్ముల యెడమును దెలిపినది. ఇంతకంటె నిర్దుష్టమగు నూహకు గ్రంథపరిష్కర్తలకు సైతము తావు దొరకుట యరుదు.

ఇట్టి కట్టడములకు మఱియొక సౌకర్యము కలదు. ఆనాఁటి వడ్రంగులు చట్రమునంతయు నేలపైఁ బఱచి సరిచూచి, కూడవలసిన మ్రాఁకులపై రోమనంకెల వంటి గుఱుతులు గీచి, విప్పి, తావునకుఁ గొనిపోయి నిలుపుచుండిరి. కావున విప్పి కూర్చుట అట్టి యింటి స్వభావమునకు విరుద్ధము గాదు. అది పుట్టుకతోనే సంధి విడఁదీయఁదగిన సమాసము.

ఇచట వివాదము. పాఠము మూఁడు రీతుల నిలుపవచ్చును: తొలికర్త నిలిపిన 1430 నాఁటి రూపము, విప్పునాఁటి కడపటిరూపము, లేదా నడుమ నొక కాలము. ప్రదర్శనశాలవారు మూఁడవదారి ద్రొక్కి, 1540 ప్రాంతపు టింటిని నిలిపిరి. ఆ కాలమున రెండుభాగములును గలవు. పొగగొట్ట మింక రాలేదు. ఇది మనకు విజయనగరమున అచ్యుతదేవరాయలు రాజ్య మేలిన కాలము. పాత్రసామగ్రియు, మంచమును, బల్లలును ఆ కాలపు మాదిరులఁ జూచి క్రొత్తగఁ జేయించి యుంచిరి. తోఁటయందు ఉల్లి, క్యాబేజీ మొదలగు నానాఁటి కూరలే పెంచెదరు. ఉర్లగడ్డ కానరాదు, అది యింక నా దేశము చేరలేదు. మన మిరపకాయయు నంతే. అమెరికానుండి పోర్చుగీసువారివలన నా శతాబ్దముననే వచ్చినది గావున, ఆనాఁటి తెలుఁగువాని కూరకు మిరియమే కారము.

యూరపుఖండమున నీ విషయమై పాతవైరము కలదు. ఫ్రెంచిశిల్పి వియోలె లె దుక్ (1814–1879) కట్టడమును సమగ్రరూపమునకుఁ దెచ్చుటయే పునరుద్ధారణ మనెను. ఆ సమగ్రరూపము ఏకాలమునను లేనిదైనను సరియే యనువఱకు నాతఁడు పోయెను. ఇంగ్లండున రస్కిన్ దీని నతితీవ్రముగ ఖండించెను. విలియం మారిస్ మొదలగువారు 1877లో నొక సంఘము స్థాపించి, కాలము చేర్చిన పొరలను గీఁకివేయుట చరిత్రను జెఱుచుట యని ప్రకటించిరి. రస్కినుపక్షమువారు బేలీఫ్ గృహమును జూచిన మూఁడువందలయేండ్ల కాఁపురమును దుడిచివేసితి రని యాక్షేపింతురు. ఆ యాక్షేపము త్రోసివేయఁదగినది కాదు. పొగగొట్టము కట్టినవాఁడును ఆ యింటివాఁడే; వాని సుఖము ప్రక్షిప్తము, వాని పూర్వుని పొగ మూలము అనుట కొంచెము క్రూరముగ నున్నది.

ఐనను పరిష్కర్తల పక్షమున బలీయమగు యుక్తి కలదు. వారు నిలిపినది ఊహామాత్రమగు సమగ్రరూపము గాదు. ఒక్కకాలమున నన్నిభాగములును గలిసియుండె నని చూపఁదగిన రూపము. ఒకే ప్రేక్షకుఁ డొకేసారి రెండుకాలముల యింటిని జూడఁజాలఁడు. గవాక్షశబ్దమున వలె ఇచట వికల్పము చెల్లదు, ఒక్కరూపమే నిలువవలయును. గ్రంథమున కట్లు గాదు. పూనాయందలి భండార్కరు సంస్థవారు 1919లో నారంభించి 1966లో ముగించిన మహాభారతపరిష్కరణమున, త్రోసిపుచ్చిన పాఠములన్నియు అడుగునను అనుబంధములయందును భద్రముగ నున్నవి. తెలుఁగున బ్రౌనుదొర (1798–1884) పండితులచేఁ బ్రతులు సరిపోల్పించునప్పుడును పాఠభేదము లేఖనమున నిలిచినది. ఇంటి కడుగుగమనికలు వ్రాయఁ జోటెక్కడ? విప్పునాఁటి చిత్రములు, కొలతలు, పటములు దాఁచియుంచుటయే యా గమనికలు. అవి యున్నంతకాలము దోష మల్పము. క్రొత్తమ్రానును బాతమ్రానునుండి వేఱుగఁ గనఁబడునట్లు చేర్చుట మఱియొక గుణము. ఇది పూరించిన యక్షరములను గుండలీకరణములో నుంచుటవంటిది.

పరిష్కరణము తప్పిన యుదాహరణమును అచటనే కలదు. అది దాఁపఁబడకుండుట మెచ్చఁదగినది. బో బీచ్ జలాశయపు తావునుండియే తెచ్చిన వింక్‌హర్‌స్ట్ అను చిన్నకట్టడమును మొదట స్వతంత్రమగు చిన్నయిల్లుగ నిలిపిరి. తరువాతి పరిశోధనమున నది యిల్లు గాదనియు, పెద్దయింటికిఁ జేరిన వంటశాల యనియుఁ దేలినది. అంతట దానిని మరల విప్పి, వేఱుతావున వంటశాలగ నిలిపిరి. ద్వితీయముద్రణమున సవరణపట్టిక వేయుట కిష్టపడని సంపాదకులు పెక్కుఱు. ఇచట నిల్లే మరల విప్పఁబడినది.

తెలుఁగునేలకు వచ్చునప్పుడు ఈ పద్ధతి యొకచోట నిలిచిపోవును. చెన్నపట్టణమునుండి మహాబలిపురమునకుఁ బోవు దారిలో ముట్టుకాడు అనుచోట దక్షిణచిత్ర యను ప్రదర్శనశాల 1996లోఁ దెఱవఁబడినది. దక్షిణదేశపు టిండ్ల తీరులు పలువిధములు అందుఁ గలవు. తెలుఁగువారి యిండ్లును గలవు. ఉత్తరకోస్తాయందలి చుట్టిల్లు వానిలో నొకటి. గుండ్రని మట్టిగోడ, నేలను దాఁకునంత దిగిన తాటాకుకప్పు. గాలివానలో గాలి గోడను గ్రుద్దక చుట్టి జాఱిపోవును. కేరళపు చెక్కయింటిని విప్పి తేవచ్చును. మట్టిగోడను విప్పి, గడ్డకుగడ్డ కంకె వేసి, బండికెక్కించుట యెవరితరము? దానిని గ్రొత్తమట్టితోఁ గట్టవలసినదే. ఓకుటిల్లు తాళపత్రప్రతి, మట్టియిల్లు గురుముఖమున వచ్చు వేదము. మొదటిదానికి ద్రవ్యము ప్రమాణము; రెండవదానికిఁ గట్టువాని చేయి ప్రమాణము. చుట్టిల్లు గట్టనేర్చిన కూలి మరణించిన, ఖాళీబెజ్జ మైనను మిగులదు.

చేయి పోవుచున్నకొలఁది మాటయుఁ బోవును. నిట్టాడు, వాసము, పెండె, దంతె, చూరు, పంచ, యరుగు మొదలగు శబ్దములలో నెన్ని నేఁటి పట్టణపు బాలురకుఁ దెలియునో పాఠశాలలోఁ బరీక్షించి చూడవచ్చును. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదముల మాండలిక వృత్తిపదకోశము వెలువడినది. పిదప బూదరాజు రాధాకృష్ణగారు గృహనిర్మాణపదములను సంకలించిరి. పండితు లా కోశమును జేతఁబట్టి, తమ గ్రామమున మిగిలిన యొక చుట్టింటినో మండువాయింటినో చూచుచు, ఏ మాట యేభాగమునకుఁ జెల్లునో యా యింటి ముసలివారి నడిగి, కోశమున లేని మాటలను బ్రక్కన వ్రాసియుంచుట సులభసాధ్యము. వడ్రంగి జీవించియున్న యూర నాతనినే ముందుగ నడుగవలయును. ఒకే భాగమునకు వడ్రంగి యొకమాటయు, గృహస్థుఁడు వేఱొకమాటయు వాడుట కలదు. ఆ భేదమును గూడ వ్రాయవలసినదే.